ఒకే ఒక్క వాక్యం

పోయిన వారం మనం షూలాన్‌ను కావ్‌ష్యుంగ్ రేవు పక్కన ఒక టీ దుకాణంలో వదిలి వచ్చాం. ఎదుటి కుర్చీ ఖాళీ. ఫాంగ్ అన్న పేరు తప్ప మరేమీ చెప్పుకోని ఆ మధ్యవర్తి లేచి వెళ్ళిపోయాడు. ఆమె కప్పులో ఊలాంగ్ టీ ముట్టకుండానే చల్లారింది.

అతను డబ్బు అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని ఆమెకు అప్పటి నుంచీ అనిపిస్తూనే ఉంది.

వెంగ్ షూలాన్ న్యాయశాస్త్రం చెప్పే ప్రొఫెసరు. జలసంధికి ఇవతలి ఒడ్డున ఉన్న తమ దీవికీ, అవతలి ఒడ్డున ఉన్న పెద్ద దేశానికీ మధ్య జరిగిన ఒప్పందాల గురించి టీవీ వాళ్ళకు ఏ సందేహం వచ్చినా ఆమెకే ఫోను చేస్తారు. ఆమె అన్న వెంగ్ జెన్‌హైకి కాంగ్‌షాన్ ఊళ్ళో స్క్రూలు తయారుచేసే చిన్న కర్మాగారం ఉంది. చలి మొదలుకాక ముందు సరుకు చూపించుకోవడానికని అవతలి ఒడ్డుకు వెళ్ళాడు. తిరిగి రాలేదు. ఒక్కసారి మాత్రం ఫోను చేసి, "ఏదో విచారణకు సహకరిస్తున్నాను, కంగారు పడకండి" అన్నాడు. పక్కన ఎవరో కూర్చుని చదివిస్తున్నట్టుగా ఉంది ఆ గొంతు. విషయం బయటికి పొక్కితే మనిషికే ముప్పని తెలిసినవాళ్ళంతా హెచ్చరించారు. అందుకని ఇంటివాళ్ళు నోళ్ళు కుట్టుకున్నారు. అడిగినవాళ్ళకు వియత్నాంలో కొత్త యంత్రాలు పెట్టిస్తున్నాడని చెబుతున్నారు.

ఫాంగ్ అడిగింది ఒకే ఒక్క వాక్యం. అధ్యక్ష ఎన్నికలో పణంగా ఉన్నదేమిటో చెప్పడానికి శనివారం టీవీ చర్చకు ముగ్గురు నిపుణులు వస్తున్నారు. అందులో షూలాన్ ఒకరు. ఆ చర్చలో, తన సొంత అభిప్రాయంలాగా, ఆమె ఈ మాట అనాలి: "ఈసారి మన ముద్ర పడేది అభ్యర్థి పేరు మీద కాదు, మన పిల్లల్ని యుద్ధానికి పిలిచే కాగితం మీద."

"అంతే. మీరు ఆ మాట అనండి. కొత్త సంవత్సరం పండగ ముందురోజు రాత్రి, ఇంటిల్లిపాదీ కూర్చునే భోజనానికి మీ అన్నయ్య మీ ఇంట్లో ఉంటాడు" అన్నాడు ఫాంగ్.

ఎవరి తరఫున వచ్చాడో చెప్పలేదు. ఆమె ఔననలేదు, కాదనలేదు.

*

ఆ శనివారం పొద్దున షూలాన్ కాంగ్‌షాన్ వెళ్ళింది. వదినకు అంతా చెప్పి, ఆ వాక్యం ఎందుకు అనలేనో కూడా చెప్పి రావాలన్నది ఆమె ఆలోచన. ఓటింగుకు ఇంకా వారం ఉంది. స్టేషను బయట రెండు ప్రచార వ్యానులు ఎదురెదురుగా ఇరుక్కుపోయి, ఒకదాన్ని మించి ఒకటి మైకుల్లో "గెలిపించండి, గెలిపించండి" అని అరుస్తున్నాయి. వెనక స్కూటర్ల మీదవాళ్ళు బ్యాలెట్‌లో ఏ నంబరు అభ్యర్థి అన్న భేదం లేకుండా ఇద్దర్నీ తిడుతున్నారు.

కర్మాగారంలో ఒక్క యంత్రమే నడుస్తోంది. మిగతావాటి మీద గోనెలు కప్పి ఉన్నాయి. దాని వెనకే ఇల్లు. వదిన కావ్ పీయున్ వంటింట్లో తెల్లముల్లంగి తురుముతోంది. పక్క పళ్ళెంలో ముల్లంగి రొట్టె పిండి కలిపి పెట్టి ఉంది.

"పండక్కి ఇంకా టైముంది కదా వదినా."

"ఇది రుచి చూడ్డానికి. నిరుడు ఉప్పు తక్కువైందని పండగంతా సణిగాడు మీ అన్నయ్య. ఈసారి నోరు మూయిస్తాను." పీయున్ తల ఎత్తకుండానే అంది. "మేకమాంసం కూడా చెప్పేశాను. ఆలస్యమైతే దొరకదు."

షూలాన్ పీట లాక్కుని కూర్చుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. మనిషి వస్తాడో రాడో తెలియని ఇంట్లో పండగ మాంసం ముందే చెప్పేశారంటే దాని అర్థం ఒకటే. ఆ అర్థం ఆమెకు కాస్త ఆలస్యంగా తట్టింది.

"ఫాంగ్ ఇక్కడికీ వచ్చాడా?"

ముల్లంగి తురిమే చప్పుడు ఆగింది.

"నీ దగ్గరికి రాకముందే వచ్చాడు. మీ అన్నయ్య బీపీ మాత్రలు ఇచ్చి పంపాను. అందాయని చెప్పాడు."

"అందాయని ఎట్లా తెలుసు?"

"చెప్పాడన్నాగా."

"వదినా, అతనెవరో మనకు తెలీదు. అవతలివాళ్ళు పంపారో, మన కష్టం ఎక్కడో విని వచ్చిన మోసగాడో, ఇక్కడి పార్టీల మనిషో. అన్నయ్యని కళ్ళతో చూశాడన్న రుజువు ఒక్కటీ చూపించలేదు."

"కాలవలో కొట్టుకుపోయేవాడికి కొమ్మ అందితే, అది ఎవరి చెట్టుదో కనుక్కుని పట్టుకుంటాడా?" పీయున్ చేతులు తుడుచుకోవడానికి ప్రచారంవాళ్ళు ఇచ్చిన ఒక కాగితపు రుమాళ్ళ పొట్లం విప్పింది. పొట్లం మీద రెండో నంబరు అభ్యర్థి దండం పెడుతూ నవ్వుతున్నాడు. "ఎన్ని ఆఫీసులు తిప్పావు నన్ను? ఎన్నిచోట్ల సంతకాలు పెట్టించావు? ఇటువైపు ఆఫీసు అటువైపు ఆఫీసుకి ఫోను చేస్తుంది. అటువైపు ఎత్తరు. మళ్ళీ రమ్మంటారు. మళ్ళీ వెళ్తాం. నువ్వు పాఠాలు చెప్పే ఒప్పందం అదేగా?"

"అదే."

"మనిషిని పట్టుకుంటే ఇంటివాళ్ళకి చెప్పాలని అందులో ఉందన్నావు."

"ఉంది."

"మరి?"

క్లాసులో పిల్లలు అడిగితే షూలాన్ చెప్పే జవాబు ఒకటి ఉంది. రాజకీయాలు చెడినప్పుడు ఒప్పందం కాగితం మీద బతికే ఉంటుంది, ఫోను ఎత్తేవాడు మాత్రం ఉండడు అని. అది వదినకు చెప్పే జవాబు కాదు.

"ఆ వాక్యం నేనంటే," షూలాన్ నెమ్మదిగా అంది, "వినేవాళ్ళు నన్ను చూసి నమ్ముతారు. ఈవిడ ఏ పార్టీ మనిషీ కాదు, చట్టం తెలిసిన మనిషి, ఊరికే అనదు అనుకుంటారు. వాళ్ళ నమ్మకాన్ని ఎవరికో అమ్మేసినట్టు కాదా?"

"నమ్మనీ. నీ మాట విని ఓటు మార్చుకునేవాళ్ళు ఎంతమంది ఉంటారు? నువ్వు టీవీలో మాట్లాడితే ఓట్లు రావు, నిద్రొస్తుందని మీ అన్నయ్యే అనేవాడు."

ఇద్దరికీ నవ్వు రాబోయింది. రాలేదు.

"సరే, ఒకటి చెప్పు." పీయున్ వచ్చి ఎదురుగా కూర్చుంది. "ఆ మాట అబద్ధమా? యుద్ధం రాదని నువ్వు నాకు రాసిస్తావా?"

"రాసివ్వలేను."

"వస్తుందని?"

"అదీ చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. అందుకే ఆ మాట అనకూడదు వదినా. తెలిసినట్టు అనకూడదు."

"తెలీనివాళ్ళు రోజూ అంటున్నారు. ఆ వ్యాను మీద నిలబడి గొంతు చించుకునేవాడికి ఏం తెలుసు? వాడు అనొచ్చు, వీడు అనొచ్చు. మొగుడి కోసం, అన్న కోసం అనాల్సి వచ్చినప్పుడు మాత్రం చదువు అడ్డం వస్తుంది." పీయున్ గొంతు పెంచలేదు. "లాన్, నేను నిన్ను బతిమాలను. మీ నాన్న పోయాక నీ కాలేజీ ఫీజు ఈ యంత్రాల మీదే వచ్చిందని కూడా గుర్తు చెయ్యను."

"చేశావుగా ఇప్పుడే."

"చేశాను. నా బతుకు అట్లా అయింది." ఆమె లేచి మళ్ళీ ముల్లంగి అందుకుంది. "సాయంత్రం టీవీ పెట్టుకుని కూర్చుంటాను. ఆ మాట వినపడితే పండక్కి రా, అందరం కలిసి తిందాం. వినపడకపోతే రాకు. నీ మొహం చూసి నేను అన్నం తినలేను."

గోడ అవతల ఆ ఒక్క యంత్రం స్క్రూలు రాలుస్తూనే ఉంది. షూలాన్ లేచి, వదిన వీపు మీద ఒకసారి చెయ్యి వేసింది. వేసిన చెయ్యి కింద ఎముకలు తగిలాయి. ఇంతగా చిక్కిపోయిందని ఇన్నాళ్ళూ గమనించనే లేదు.

"అంటాను" అంది.

పీయున్ తల ఊపింది. తిరిగి చూడలేదు.

*

తిరుగు రైల్లో షూలాన్ ఆ వాక్యాన్ని పెదవులు కదపకుండా చెప్పుకుంటూ వచ్చింది. ఎదుటి సీట్లో ఒక ముసలాయనా ఆయన భార్యా, ప్రచారంలో పంచిన కాగితపు రుమాళ్ళ గురించి వాదించుకుంటున్నారు.

"రెండో నంబరు వాళ్ళవే మెత్తగా ఉన్నాయి" అంది ఆవిడ.

"ముక్కు తుడుచుకోవడానికా, దేశం ఏలడానికా?"

"ఇన్నేళ్ళుగా ఓట్లేశాను. ముక్కు తుడుచుకోవడం తప్ప నాకేం ఒరిగింది?"

నిర్ణయం తీసుకుంటే బరువు దిగుతుందంటారు. షూలాన్‌కు దిగలేదు. అన్న వస్తాడని ఆమెకు నమ్మకం లేదు. అయినా అంటుంది. నమ్మకం ఉండి అంటే కనీసం ఒక ఆశ కోసం తప్పు చేశానని చెప్పుకోవచ్చు. ఇప్పుడు ఆ మాటా చెప్పుకోవడానికి లేదు.

స్టూడియోలో ముగ్గుర్నీ వంపు తిరిగిన బల్ల వెనక కూర్చోబెట్టారు. ఒక చివర నౌకాదళంలో రియర్ అడ్మిరల్‌గా పనిచేసి రిటైరైన తూ. మధ్యలో ఆర్థికశాస్త్రం ప్రొఫెసరు యెన్. ఆయన పక్కన షూలాన్. యూనివర్సిటీ మొదటి ఏడాదిలో యెన్ పాఠాలు ఆమె వెనక బెంచీలో కూర్చుని విన్నది. తెల్లారి క్లాసుకు కూడా హాలు నిండిపోయేది. ఏ మంత్రి ఎదుటైనా లెక్క తప్పితే తప్పని చెప్పే మనిషని ఆయనకు పేరు. ఇప్పటికీ ఆమె ఆయన్ని మాస్టారూ అనే పిలుస్తుంది.

"చిక్కిపోయావమ్మా" అన్నాడు ఆయన.

"మీరూ చిక్కారు మాస్టారూ."

ఎర్ర దీపం వెలిగింది. వ్యాఖ్యాత షావ్ కెమెరా వైపు తిరిగి, వచ్చే శనివారం ఓటు వేయబోయేవాళ్ళ కోసం ఒకటే ప్రశ్న అన్నాడు. పణంగా ఉన్నది ఏమిటి?

ముందు తూ మాట్లాడాడు. "అందరూ నన్ను క్షిపణుల గురించి అడుగుతారు. నేను బీమా గురించి చెప్తాను. ఫలానా నీళ్ళలో మాకు నౌకా విన్యాసాలున్నాయని రేపు అవతలి ఒడ్డు ఒక ప్రకటన చేసిందనుకోండి. ఒక్క తూటా పేలక్కర్లేదు. గ్యాసు తెచ్చే ఓడకి బీమా చేసేవాడు దొరకడు. ఓడ రాదు. గ్యాసు లేకపోతే కరెంటు లేదు. ఆ ప్రకటన చెవిన పడ్డప్పుడు కుర్చీలో ఉన్న మనిషి ఏం చేస్తాడన్నదే పణం. బెదిరేవాడైనా ప్రమాదమే, బెదరనివాడైనా ప్రమాదమే."

"మరి జనం ఎవరికి వెయ్యాలంటారు?"

"అది నేను చెప్పను. ఓడ మునిగేటప్పుడు కెప్టెన్‌ని ఎన్నుకోరు, ముందే ఎన్నుకుంటారు. తర్వాత ఆయనతో పాటు మునుగుతారు, లేదా తేలుతారు."

షావ్ యెన్ వైపు తిరిగాడు. యెన్ ఎప్పటిలాగే కాగితం చూడకుండా మొదలుపెట్టాడు. "మన సరుకు బాగాలేదని ఎవరూ ఆర్డర్లు ఆపడం లేదు. వచ్చే ఏడు మనం ఉంటామో లేమోనని ఆపుతున్నారు. దీనికి ఏ పార్టీ దగ్గరా మందు లేదు. ఒకరు అవతలి సంతని నమ్ముకోమంటారు. ఇంకొకరు సముద్రం దాటి దూరపు సంతలకి పొమ్మంటారు. మొదటి దారిలో మెడకి తాడు పడుతుంది. రెండో దారిలో చేరేలోపు సగంమంది ఆకలితో పడిపోతారు. ఇద్దరూ మీకు సగమే చెబుతున్నారు."

ఇదీ యెన్ మాస్టారంటే అనుకుంది షూలాన్. అప్పుడు ఆయన ఒక్క క్షణం ఆగాడు. గొంతు మారింది. బల్ల మీద తన చేతుల్ని చూసుకుంటూ అన్నాడు:

"ఒక్కటి మాత్రం చెప్తాను. ఈసారి మన ముద్ర పడేది అభ్యర్థి పేరు మీద కాదు, మన పిల్లల్ని యుద్ధానికి పిలిచే కాగితం మీద."

ఒక్క అక్షరం అటూ ఇటూ కాలేదు.

షూలాన్ గిర్రున ఆయన వైపు తిరిగింది. షావ్ కెమెరా వైపు చూసి, చిన్న విరామం తర్వాత ప్రొఫెసర్ వెంగ్ గారి అభిప్రాయం విందామని చెప్పాడు. ఎర్ర దీపం ఆరింది. షావ్ లేచి వెళ్ళాడు. తూ కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

యెన్ తన కోటుకు తగిలించిన మైకును వేళ్ళతో మూశాడు. ఆమె వైపు చూడకుండా, పెదవులు కదిలీ కదలకుండా అడిగాడు.

"నీకెవరమ్మా అక్కడ?"

ఆమె కూడా తన మైకును మూసింది. ఎలా తెలిసిందని అడగలేదు. తన ముఖంలోనే కనిపించి ఉంటుంది.

"అన్నయ్య. మీకు?"

"అల్లుడు."

"ఎప్పటి నుంచి?"

"నా మనవరాలు పుట్టకముందు నుంచి. ఇప్పుడది బడికి పోతోంది."

యెన్ చెప్పుకుంటూ పోయాడు. క్లాసులో పాఠం చెప్పినట్టే, తొణక్కుండా.

"మొదట ఒక్క వాక్యం అన్నారు. పత్రికలో రాశాను. తర్వాత మేయరు ఎన్నికలప్పుడు ఇంకొకటి. ఇప్పుడిది. ఒక్కొక్కటీ అబద్ధం కాదు, అదే చిత్రం. నేను చెప్పే నాలుగు నిజాల మధ్య వాళ్ళది ఒకటి పెడతారు. అంతే."

"చెబితే వస్తాడా మాస్టారూ?"

"రాడు."

"ఎన్నికలయ్యాక వదిలేస్తారేమో."

"ఎన్నిక తర్వాత ఇంకో ఎన్నిక ఉంటుందమ్మా."

"రాడని తెలిసి ఎందుకు చెబుతున్నారు?"

యెన్ మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు. ఆ చూపులో సిగ్గు కూడా మిగల్లేదు.

"మానేశాననుకో. నువ్వు మానేసినందుకే రాలేదు నాన్నా అంటుంది నా కూతురు. చెబుతున్నంతకాలం తప్పు వాళ్ళది. మానేసిన రోజు నుంచి నాది."

అవతల ఎవరో సిద్ధం కమ్మని చెయ్యి ఊపారు. షావ్ వచ్చి కూర్చుని, టై సర్దుకున్నాడు.

"నువ్వు కూడా అనెయ్యి," అన్నాడు యెన్ గొణుగుతూ, "మాటలు కాస్త మార్చి అను. ఇద్దరం ఒకేలా అంటే పట్టేస్తారు."

ఆ సలహా విన్నా షూలాన్‌కు ఆయన మీద కోపం రాలేదు. ఆయన కుర్చీలో ఇంకొన్నేళ్ళకు తాను కూర్చుని ఉండడం కనిపించింది. పక్కన ఇంకెవరో కొత్తగా వచ్చిన మనిషి ఉంటారు. వాళ్ళకు తానూ ఇదే చెబుతుంది, మాటలు కాస్త మార్చి అను అని. కాంగ్‌షాన్‌లో ఏటేటా వదిన మేకమాంసం ముందే చెప్పి పెడుతూ ఉంటుంది.

ఎర్ర దీపం వెలిగింది.

"ప్రొఫెసర్ వెంగ్ గారూ, సముద్రం గురించి విన్నాం, వ్యాపారం గురించి విన్నాం. చట్టం తెలిసిన మనిషిగా మీరు చెప్పండి. పణంగా ఉన్నది ఏమిటి?"

వాక్యం నాలుక మీద సిద్ధంగా ఉంది. పొద్దుటి నుంచీ చెప్పుకున్నది, తడుముకోవాల్సిన పని లేదు. టీవీ ముందు వదిన కూర్చుని ఉంటుంది, బహుశా ముల్లంగి వాసన పోని చేతులు ఒళ్ళో పెట్టుకుని.

"నేను చాలా ఏళ్ళుగా ఒక ఒప్పందాన్ని పాఠంగా చెబుతున్నాను," అని మొదలుపెట్టింది షూలాన్. తన గొంతు తనకే మామూలుగా వినపడింది. "అటు వెళ్ళిన మన మనిషిని అక్కడ పట్టుకుంటే, ఇంటివాళ్ళకి కబురు చెయ్యాలని అందులో రాసి ఉంది. కబురు రావాలంటే రెండువైపులా ఫోను ఎత్తేవాళ్ళు ఉండాలి. గెలిచినవాడు ప్రమాణం చేసే రోజున ఏ మాట అంటాడు, ఏ మాట మింగుతాడు అన్నదాన్ని బట్టి ఆ ఫోను మోగుతుంది, లేదా మోగదు. నిపుణులుగా మేం మీకు చెప్పేది ఇంతవరకే."

షావ్ తల ఊపుతూ తర్వాతి ప్రశ్నకు నోరు తెరిచాడు.

"ఇంకొకటి ఉంది," అంది ఆమె. "మేం చెప్పనిది. ఇక్కడ కూర్చుని మేం మాట్లాడే మాటల్లో ఏది మాదో, ఏది మా చేత అనిపించిందో మీకు తెలీదు. ఇందాకటి దాకా నాకూ తెలీదు."

తూ కళ్ళజోడు పెట్టుకుని ఆమె వైపు తిరిగాడు. షావ్ చేతిలో కాగితం ఆగిపోయింది.

ఆమెకు ధైర్యం వచ్చిందని కాదు. ఈ మాటతో అన్న ఇంటికొస్తాడనీ కాదు. ఫాంగ్ చెప్పమన్న వాక్యం అన్నా రాడు. రెండు తలుపులూ మూసే ఉన్నాయి. ఏది ముందు మూసుకుందో ఇక ఎప్పటికీ తెలియదు. వదిన మాత్రం మూసింది నువ్వేనంటుంది, చచ్చేదాకా అంటుంది. అది తెలిసే షూలాన్ కెమెరా వైపు నేరుగా చూసింది.

"మా అన్నయ్య పేరు వెంగ్ జెన్‌హై. కాంగ్‌షాన్‌లో స్క్రూలు చేస్తాడు. వియత్నాంలో లేడు. ఆయన్ని..."

పక్క కుర్చీ కిర్రుమంది. యెన్ మాస్టారి చెయ్యి, వయసుతో నరాలు తేలిన ఆ పొడుగాటి చెయ్యి, దేశమంతా చూస్తుండగా వచ్చి ఆమె మైకు మీద పడి గట్టిగా బిగుసుకుంది.